లెక్క మన చేతిలో ఉండాలి
(సొసైటీ వార్షిక సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వేదికనెక్కి మాట్లాడటం నాకు అలవాటు లేని పని. సూది పట్టుకుంటే వణకని చేయి మైకు పట్టుకుంటే వణుకుతున్నది. కార్యదర్శిగారు "క్రోషియా క్లాసు గురించి నాలుగు మాటలు చెప్పండి ఆపా" అన్నారు. నాలుగుతో సరిపోదు. కాస్త ఓపిక పట్టండి.

విషయం ముందే చెప్పేస్తాను. పోయిన నెల ఒక వ్యాపారి మన క్లాసుకు వచ్చారు. రంజాన్‌కు ముందు 500 అల్లిక టోపీలు కావాలన్నారు. దారం ఆయనదే, నమూనా ఆయనదే. టోపీకి 35 రూపాయలు ఇస్తామన్నారు. మన పిల్లల్లో చాలామంది వెంటనే సరే అందామన్నారు. పండుగ ముందు ఇంట్లోకి నాలుగు డబ్బులు వస్తాయంటే ఎవరికి చేదు? నేనే "ఆగండమ్మా, వార్షిక సభలో పెద్దలముందు మాట్లాడుకుందాం" అన్నాను. ఎందుకు ఆపానని కొందరికి నా మీద కోపంగా కూడా ఉంది. ఆ కారణం చెప్పడానికే ఈ ఉపన్యాసం.

మా అమ్మ అల్లిన పువ్వులు

మా పుట్టిల్లు పశ్చిమ గోదావరిలో నరసాపురం దగ్గర పల్లె. నా చిన్నతనంలో మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీదా, వసారాల్లోనూ ఆడవాళ్లందరి చేతుల్లో లేసు సూదే కనిపించేది. మీరు క్రోషియా అంటారు, మేం లేసు అనేవాళ్లం, అంతే తేడా. 19వ శతాబ్దం నడిమికాలంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్లకు ఈ పని నేర్పారు. మొదట క్రైస్తవ కుటుంబాల్లో ఉండి, తరువాత ఇతర కులాలకూ పాకింది.

ఏజెంటు వచ్చి దారం ఉండలు ఇచ్చిపోయేవాడు. చేతిపని, అతుకుపని, కాజాకట్టు అని పనికొక పేరు. పువ్వులు అల్లేవాళ్లు ఒకరు, వాటిని అతికేవాళ్లు ఇంకొకరు. మా అమ్మ పువ్వులు అల్లేది. ఎన్ని వేల పువ్వులు అల్లిందో అల్లాకే తెలుసు. వాటిని కలిపి తయారుచేసిన నిండు టేబులు గుడ్డను మాత్రం ఆమె ఒక్కసారీ చూడలేదు. అది ఏ దేశం పోయిందో, ఎంతకు అమ్ముడుపోయిందో ఆమెకు తెలియదు. పువ్వు వంకర పోతే కూలి కోత పడేదని మాత్రం తెలుసు.

ఆ రోజుల్లోనే జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ మా ప్రాంతానికి వచ్చి ఈ పనిని పరిశీలించారు. 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకం వేశారు. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్లకు రోజుకు ఒక రూపాయి కూడా దక్కడం లేదని, పొలం కూలికన్నా అది చాలా తక్కువని ఆమె రాశారు. ఎగుమతి వ్యాపారం మగవాళ్ల చేతుల్లో ఉండేది. అల్లేవాళ్లను పనివాళ్లుగా లెక్కలో వేసేవారు కాదు. 'ఇల్లాళ్లు తీరిక వేళలో అల్లుకుంటారు' అనేవారు. కాపుల ఆడవాళ్లు గోషా పాటించేవారు గనుక గడప దాటకుండా చేసే ఈ పని వాళ్లకు గౌరవంగా తోచిందని కూడా ఆమె రాశారు.

గోషా అనే మాట మనకు కొత్తది కాదు గదా! అందుకే ఆ పుస్తకంలోని సంగతులు విన్నప్పుడు నాకు మా అమ్మ మాత్రమే కాదు, ఇక్కడి మన గల్లీలు కూడా గుర్తొచ్చాయి. ఇంట్లో కూర్చుని సంపాదించుకోవడంలో తప్పేమీ లేదు. కానీ దారం ఒకరిది, నమూనా ఒకరిది, ధర చెప్పేది ఒకరు, కళ్లు పోగొట్టుకునేది మాత్రం మనం అంటే మరి మనకు మిగిలేది ఏమిటి?

నరసాపురం క్రోషే లేసుకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి వస్తువుగా చట్టపరమైన గుర్తింపు వచ్చింది. వినగానే కళ్లనీళ్లు తిరిగాయి. మా అమ్మ ఉంటే సంతోషించేది. గుర్తింపు ఊరికి వచ్చింది, అది అల్లిన చేతి దాకా రావాలి.

నాంపల్లిలో నేర్చుకున్నది

పెళ్లయ్యాక నరసాపురం ఎక్స్‌ప్రెస్ దిగి నాంపల్లి స్టేషన్ బయటికి వచ్చిననాడు నా ట్రంకు పెట్టెలో రెండు లేసు సూదులు ఉన్నాయి. మా పక్కింట్లో ఒక ముసలి ఖాలా ఉండేవారు. చదువు రాదు. ఆమె ఖ్వాన్‌పోష్ అల్లుతుంటే చూసి నేను నోరు తెరిచాను. పుస్తకం లేదు, కాగితం లేదు. చింతగింజలు ముందు పెట్టుకుని, వరుసకొక గింజ పక్కకు జరిపేవారు. పళ్లెం మీద దారంతో కొలత తీసుకుని, తనకు తోచిన పువ్వు తానే వేసేవారు. "గిన్తీ నీదైతే నమూనా నీదే బేటీ" అనేవారు. నాకేమో ఏజెంటు చెప్పిన పువ్వు తప్ప వేరేది రాదు. ఇరవై ఏళ్ల నా చేతి వేగమంతా ఆమె చింతగింజల ముందు దిగదుడుపే అనిపించింది.

అయినా బుద్ధి రాలేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు, మీ అందరికీ తెలిసిందే. అక్కడ ఒక పాత ఇంగ్లీషు అల్లికల పుస్తకం కొన్నాను. దానిలో 'డబుల్ క్రోషే' అని ఉంటే మన డబుల్ కుట్టే అనుకుని మా అబ్బాయికి టోపీ అల్లాను. పెడితే ముక్కు దాకా దిగింది! వాడు "అమ్మీ, ఇది నాన్నకు కూడా పెద్దదే" అని నవ్వాడు. తరువాత తెలిసింది: బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ క్రోషే అంటే అమెరికా వాళ్ల సింగిల్ క్రోషే. వాళ్ల ట్రెబుల్ వీళ్ల డబుల్. ఇప్పుడు ఫోన్లో చూసే వీడియోల్లో ఎక్కువభాగం అమెరికా పేర్లే వాడుతున్నారు. పుస్తకం ఏ దేశానిదో చూడకుండా సూది పట్టకండి.

ఇంకొక సంగతి. నుమాయిష్ మన నాంపల్లికి పేరు తెచ్చిన పండుగ. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో, ఇక్కడ తయారైన సరుకులు పదిమందికీ చూపించాలని మొదలుపెట్టారు. ఒక ఏడాది అక్కడ తెలిసినవాళ్ల స్టాలులో మూలన చిన్న టేబులు మనకిచ్చారు. పాత పుస్తకం చూసి అల్లిన 40 టీవీ కవర్లు పెట్టాం. ఒక పెద్దావిడ చేతిలోకి తీసుకుని, ఎంతో మెచ్చుకుని, "పని బాగుందమ్మా, కానీ మా టీవీ గోడకు అతుక్కుపోయింది. దీన్ని ఎక్కడ వేసుకోను?" అన్నారు. మూడొంతుల కవర్లు తిరిగి ఇంటికి మోసుకొచ్చాం. ఆ తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఎవరి ఇంట్లో ఏం కావాలో అడగకుండా, ఎప్పటిదో నమూనా పిల్లలచేత అల్లించాను.

ఆ తరువాతే మన క్లాసు పద్ధతి మార్చాను. ఇప్పుడు మొదటి రోజునే పువ్వు నేర్పను. కొలత నేర్పుతాను.

ముందు నమూనా ముక్క

ఏది అల్లాలన్నా అదే దారంతో, అదే సూదితో నాలుగు అంగుళాల చదరం అల్లండి. ఉతకండి, ఆరబెట్టండి, అప్పుడు కొలవండి. నూలు దారం ఉతికితే ముడుచుకుంటుంది. ఆ ముక్కలో 28 కుట్లు వస్తే అంగుళానికి 7 అన్నమాట. ఈ ఒక్క అంకె తెలిస్తే మిగతాదంతా ఎక్కాలే. ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు. కాబట్టి పక్కామె లెక్క మీకు పనికిరాదు, మీ లెక్క ఆమెకు పనికిరాదు.

దారం నంబరు పెరిగేకొద్దీ సన్నం. 20 కన్నా 40 సన్నం. స్టీలు సూదులకూ అంతే. మన ఊరి ఎండకు ఒంటిమీద నూలే హాయి. ఊలు రంగులు చూసి మోజుపడి పసిపిల్లలకు ఏప్రిల్‌లో తొడగకండి.

గుండ్రంగా అల్లడానికి ఒక సూత్రం చెబుతాను. సింగిల్ కుట్టుతో అయితే 6తో మొదలుపెట్టి వరుసకు 6 చొప్పున పెంచాలి. డబుల్ కుట్టుతో అయితే 12తో మొదలుపెట్టి 12 చొప్పున పెంచాలి. అంచు కుచ్చిళ్లు పోతే పెంపు ఎక్కువైందని, గిన్నెలా వంగితే తక్కువైందని అర్థం. పళ్లెం గుడ్డ అయినా, టోపీ అయినా, బంతి అయినా ఈ సూత్రం మీదనే నడుస్తుంది.

ఇంటికి

ఖ్వాన్‌పోష్ తీసుకుందాం. పళ్లెం 15 అంగుళాల చదరం. అన్ని వైపులా అంగుళంన్నర వేలాడాలి. అంటే గుడ్డ 18 అంగుళాలు. మీ పువ్వు 3 అంగుళాలైతే వరుసకు 6, మొత్తం 36 పువ్వులు. అదే పువ్వు ఉతికాక పావు అంగుళం ముడుచుకుంటే గుడ్డ పదహారున్నర అంగుళాలకే ఆగిపోతుంది. అందుకే ముందు ఉతికి కొలవమన్నది.

పువ్వు మాత్రం మీదై ఉండాలి. కిటికీ జాలీ చూడండి, పాత దర్వాజా మీది చెక్కడం చూడండి, ముగ్గు చూడండి. గళ్ల కాగితం మీద గడి నింపితే నిండు కుట్టు, వదిలితే జాలీ. అలా గీసుకుంటే ఎనిమిది మూలల నక్షత్రం కూడా వస్తుంది. అల్లిన తరువాత పలచటి గంజిలో ముంచి, గుండుసూదులతో పరుపు మీద సాగదీసి ఆరబెడితే అంచులు నిటారుగా నిలుస్తాయి. టీవీ కవర్ల రోజులు పోయాయి గాని రిహాల్ మీద పరిచే గుడ్డ, నీళ్ల సీసా సంచి, ఫోను సంచి, పరదాకు కట్టే పట్టీ ఇవన్నీ ఇవాళ ఇళ్లలో కావలసినవే.

ఒంటికి

ఇక టోపీ. తల చుట్టుకొలత 21 అంగుళాలు అనుకోండి. అల్లిక సాగుతుంది గనుక ఒక అంగుళం తగ్గించి 20 పెట్టుకోండి. అంగుళానికి 7 చొప్పున 140 కుట్లు. 6తో పోయే దగ్గరి అంకె 138. అంటే 23 వరుసలు పెంచుకుంటూ పోవాలి. పైభాగం బిళ్లలా తయారవుతుంది. 20ని 3.14తో భాగిస్తే దాదాపు ఆరున్నర అంగుళాలు గదా, బిళ్ల వెడల్పు దానికి సరిపోతున్నదో లేదో కొలిచి చూసుకోండి. అక్కడినుంచి పెంపు ఆపి 20 వరుసలు తిన్నగా అల్లితే గోడ నిలుస్తుంది.

ఈ లెక్క తెలిస్తే ఏ తలకైనా టోపీ అల్లవచ్చు. మనవడికీ, తాతకూ వేరే పుస్తకాలు అక్కర్లేదు. జాలీ కావాలంటే గోడలో రెండు వరుసలు చైను కుట్లతో ఖాళీ వదలండి. అంచులో మీకు నచ్చిన చిన్న గుర్తు వేయండి. చూడగానే ఫలానా వారి చేయి అని తెలియాలి.

పిల్లల గౌనుకు ఛాతీ కొలతకు రెండు అంగుళాలు కలపండి. మెడ మాత్రం తల కొలత చూశాకే వదలండి. పసిపిల్లలకు తల పెద్దది. మెడ అందంగా వచ్చిందని మురిసిపోయి తీరా తొడగబోతే తల దూరక పిల్ల ఏడుపు, తల్లి ఏడుపు!

ఆటకు

మిగిలిన దారం ముక్కలు పారేయకండి. 6, 12, 18 అని 36 దాకా పెంచండి. ఆరు వరుసలు తిన్నగా అల్లండి. మళ్లీ అలాగే 6కు తగ్గించండి. బంతి వస్తుంది. పసుపు దారమైతే మామిడిపండు, ఎరుపైతే టమాటా. జపాన్ వాళ్లు ఇలాంటి అల్లిక బొమ్మలను అమిగురుమి అంటారు. ఇప్పుడు అన్ని దేశాల పిల్లలూ వీటితో ఆడుతున్నారు. బొమ్మలకు ముఖం పెట్టడం కొన్ని ఇళ్లలో ఇష్టపడరు. బంతులు, పండ్లు, చిన్న బుట్టలు అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

లోపల దూది కూరితే వానాకాలంలో ఆరదు, గడ్డలు కడుతుంది. ఉతికే వీలున్న పాలియెస్టర్ పీచు నింపండి. కుట్టు బిగువుగా ఉండాలి, పీచు బయటికి రాకూడదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు పూసలు, గుండీలు, పొడుగు తాళ్లు అసలు పెట్టకండి. ఏదైనా నోట్లోకే పోతుంది.

గంట ఖరీదు ఎంత?

ఇప్పుడు మళ్లీ ఆ 500 టోపీల దగ్గరికి వస్తాను. నేను చెప్పిన సాదా టోపీలో ఎన్ని కుట్లో రాత్రి కూర్చుని లెక్కవేశాను. బిళ్లలో 1,656, గోడలో 2,760, మొత్తం 4,416. చేయి తిరిగిన పిల్ల నిమిషానికి 15 కుట్లు వేస్తే దాదాపు 5 గంటలు. 35 రూపాయలను 5 గంటలకు పంచితే గంటకు 7 రూపాయలు. 500 టోపీలంటే 2,500 గంటలు. ఇది మనం అడగకపోతే ఎవరూ మనకు చెప్పరు. వ్యాపారి చెడ్డవాడని నేననడం లేదు. ఆయన లెక్క ఆయన వేసుకున్నాడు. మన లెక్క మనం వేసుకోలేదు, అంతే.

ఖ్వాన్‌పోష్ కూడా అంతే. పువ్వుకు 20 నిమిషాల చొప్పున 36 పువ్వులకు 12 గంటలు, అతుకుకూ అంచుకూ 4 గంటలు, మొత్తం 16. దారం 150 రూపాయలు అనుకోండి. దుకాణంలో 250 ఇస్తామంటే దారం పోగా 100. గంటకు ఆరుంపావు. అదే గంటకు 40 వేసుకుంటే 640, దారంతో కలిపి 790 అడగాలి. "ఎవరు కొంటారమ్మా?" అంటారు. పక్క స్టాలులో దొరికే నమూనానే మనమూ అల్లితే ఎవరూ కొనరు, నిజమే. వాళ్ల పళ్లెం కొలతకు, వాళ్లు కోరిన రంగులో, ఇంకెక్కడా దొరకని పువ్వుతో అల్లితే కొనేవాళ్లు ఉన్నారు. నిరుడు మన క్లాసులోని ఒక చెల్లెలు, తన వాళ్ల పెళ్లికోసం అల్లిన ఖ్వాన్‌పోష్ చూసి మూడు ఇళ్లవాళ్లు అడిగి చేయించుకున్నారు. ధర ఆమే చెప్పింది.

ఇంకో మాట గుర్తుంచుకోండి. అసలైన క్రోషియా కుట్టు వేసే మిషను ఇప్పటిదాకా వాడుకలోకి రాలేదు. మిషన్లు చేసేది దాన్ని పోలిన అల్లిక మాత్రమే. అంటే బజారులో నిజమైన క్రోషియా చౌకగా దొరికిందంటే, ఎక్కడో ఒక ఆడమనిషి చేయి చౌకగా పోయిందన్నమాట. ఐర్లండులో 1845 తరువాత వచ్చిన కరువులో ఎన్నో కుటుంబాలు ఈ సూదితోనే ప్రాణాలు నిలుపుకున్నాయి. అక్కడ కొన్ని ఇళ్లవాళ్లు తమ పువ్వును ఇతరులకు చూపకుండా దాచుకునేవారని చెప్పుకుంటారు. పువ్వు తమదైతే బేరం తమదని వాళ్లకు తెలుసు.

సొసైటీకి నా మనవి

ఆర్డరు వద్దని నేను చెప్పడం లేదు. పండుగ ముందు ఇళ్లలో ఇబ్బంది ఎలా ఉంటుందో నాకు తెలుసు. మూడు విషయాలు మాత్రం మనవి చేసుకుంటున్నాను.

ఒకటి: ఒప్పుకునే ముందు మన పిల్లలు ముగ్గురు గడియారం ముందు కూర్చుని ఒక్కొక్క టోపీ అల్లాలి. ఆ గంటలు చూపించి ధర మాట్లాడాలి. అధ్యక్షులవారు, కార్యదర్శిగారు కూడా బేరంలో కూర్చోవాలి. ఆడపిల్లలు ఒంటరిగా మాట్లాడితే 'తీరిక పనే గదా' అంటారు.

రెండు: పది టోపీల్లో ఒకటి మన నమూనాది తీసుకోమని అడగాలి. అమ్ముడుపోతే వచ్చే ఏడు మన నమూనాకే ఆర్డరు వస్తుంది.

మూడు: సొసైటీలో ఒక నమూనాల రిజిస్టరు పెట్టాలి. ఎవరు కొత్త పువ్వు వేసినా దాని ముక్క అందులో కుట్టి, పక్కన దారం నంబరు, కుట్ల లెక్క, పట్టిన గంటలు, అడగవలసిన ధర, అల్లినామె పేరు రాయాలి. దారం అందరికీ కలిపి కొంటే ధర తగ్గుతుంది.

మొదటి పేజీకి ముక్క నేనే తెచ్చాను. పక్కింటి ఖాలా వేసిన ఖ్వాన్‌పోష్ మూల పువ్వు ఇది. ఆమె ఇప్పుడు లేరు. అల్లా ఆమెకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. చింతగింజలతో ఆమె వేసిన లెక్కను నేను అంకెల్లో రాశాను. కింద ఆమె పేరు రాసి తెచ్చాను. రెండో పేజీలో మా అమ్మ అల్లిన పువ్వు పెడదామనుకున్నాను. వెతికితే ఒక్కటి కూడా దొరకలేదు. అన్నీ ఏజెంటు తీసుకుపోయాడు. మన పిల్లల పేజీ అలా ఖాళీగా మిగలకూడదని నా కోరిక.